ఎవరు తాగితే తప్పు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్కలు బయటికొచ్చినప్పుడు అందరి కళ్లూ ఒక్క అంకె మీదే పడ్డాయి. తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం మంది తాగుతారు. అరుణాచల్‌ప్రదేశ్ తర్వాత దేశంలో రెండో స్థానం. ఆంధ్రప్రదేశ్‌లో అది 23.3 శాతం, దేశం మొత్తానికి సుమారు 19. దీని మీద బోలెడు వ్యాఖ్యలు, అంతకు మించి జోకులు వచ్చాయి. అదే పట్టికలో ఆడవాళ్ల వరస మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు. తెలంగాణలో తాగే ఆడవాళ్లు 6.7 శాతం, ఆంధ్రలో 0.5. తెలంగాణ అంకెను విడదీస్తే పట్నాల్లో 2.6 శాతం, పల్లెల్లో 9 శాతం తేలుతుంది. అర్ధరాత్రి పబ్బులోంచి బయటికొచ్చే అమ్మాయి మీద టీవీ కెమెరా పెట్టి కాలం చెడిపోయిందని వాపోతున్నాం గానీ, లెక్కలో ఉన్న ఆడమనిషి ఆమె కాదు. నాట్లేసి, కలుపు తీసి, పొద్దుగూకాక కల్లు మండువ కాడ ఒళ్లునొప్పులకు సీసా తాగి ఇంటికి పోయే అవ్వ. ఆమె ఎన్నడో మొదలుపెట్టింది. ఆమెను చూసి ఎవరూ సమాజం పాడైందనలేదు.

తాగుడు పట్ల మనవాళ్ల ధోరణి మారిందా అని అడిగితే, ఏ కాలంలో దేన్ని తప్పుపట్టామో ముందు చూడాలి. నూరేళ్ల చరిత్ర తిరగేస్తే నాకు తోచేది ఇది: మనం తాగుడును తూచిన సందర్భాలు తక్కువ, తాగేవాణ్ణి తూచినవి ఎక్కువ. కులాన్ని బట్టి, జేబును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి అదే చుక్క ఒకచోట మర్యాద, ఒకచోట మురికి అయింది. ఇప్పుడిప్పుడే కాస్త వేరే మాట వినిపిస్తోంది. అదేమిటో ముందుముందు చూద్దాం.

రెండు తెలుగు రాష్ట్రాల అంకెల్లో ఇంత తేడా ఎందుకు? సర్వేవాళ్లు ఇంటికొచ్చి అడిగినప్పుడు ఒక ఊళ్లో ఒప్పుకున్నంత సులువుగా మరో ఊళ్లో ఒప్పుకోరు, అది కొంత కారణం. అయితే ఒప్పుకోవడానికి సిగ్గుపడటం, పడకపోవడం కూడా చరిత్రే. నిజాం ఏలుబడిలో భూమిశిస్తు తర్వాత ఖజానాకు పెద్ద ఆసరా ఆబ్కారీ. అక్కడ మద్యనిషేధం అన్న మాటకు చోటు లేదు. మద్రాసు రాజధానిలో 1886 ఆబ్కారీ చట్టం కింద తెల్లదొరలూ బాగానే గుంజుకున్నారు గానీ, ఆ వైపు జాతీయోద్యమం వచ్చి కల్లుపాక ముందు కూర్చుంది. కాబట్టి ఒక ప్రాంతానికి కల్లు ఇంటి వ్యవహారంగా మిగిలింది, ఇంకో ప్రాంతానికి అది దేశభక్తికి అడ్డమొచ్చిన వస్తువైంది.

తెలంగాణ పల్లెలో కల్లును తాగుడు కింద జమకట్టడమే తక్కువ. బోనాల్లో అమ్మవారికి కల్లుసాక పోస్తారు. పెళ్లికి కల్లు, చావుకు కల్లు, మూడోనాడు పిట్టకు పెట్టేటప్పుడు పోయినాయనకు ఇష్టమైన చుక్క కూడా పక్కన పెట్టాల్సిందే. గౌడాయన పొద్దున్నే మోకు, ముస్తాదు సర్దుకుని తాడెక్కుతాడు. గెల కొసను పదునైన కత్తితో ఆకు మందాన గీసి, లొట్టి దింపి, మరో లొట్టి కట్టి వస్తాడు. సాయంత్రం మళ్లీ ఎక్కాలి. గీత తప్పితే చెట్టు కల్లు పారదు. దింపగానే తియ్యగా ఉన్నది పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి ఘాటెక్కుతుంది. అప్పటికీ అందులో ఆల్కహాలు నాలుగైదు శాతమే. తెల్లారేసరికి పనికిరాదు. నిలవ ఉండని సరుకు కాబట్టి దాన్ని పోగేసుకుని గదిలో ఒంటరిగా తాగే వీలు లేదు. నలుగురూ కూర్చుని, గుడాలో చాకనో నంజుకుంటూ, ఊరి ముచ్చట్లతో ముగించేది. ఆ నలుగురిలో ఆడవాళ్లూ ఉంటారు. ఇదంతా రమ్యంగా ఉందని పొంగిపోనక్కర్లేదు, మండువ కాడ కూలి డబ్బు వదిలేసి వచ్చినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కాకపోతే అక్కడ అతిగా తాగినవాడు పదిమంది కంట్లో ఉండేవాడు.

కోస్తాలో కథ వేరే దారి పట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివర చదువుకున్నవాళ్లలో సంస్కరణ గాలి వీచింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు సాంఘిక శుద్ధి ఉద్యమంలో వేశ్యల మేజువాణీలూ మద్యమూ రెండూ ఒకే గాటన కట్టినవి. గురజాడ మాత్రం కన్యాశుల్కంలో సారా దుకాణం సీను పెట్టి, పగలు పలకరించుకోని రకరకాల మనుషుల్ని అక్కడ ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల వేదాంతం విని నవ్వుకున్నాడు. ఆ నవ్వులో ఉన్న పెద్దమనసు సంస్కర్తల ఉపన్యాసాల్లో కనబడదు. తర్వాత గాంధీగారి పిలుపు. సహాయ నిరాకరణ రోజుల్లో కల్లు వేలంపాటలు అడ్డుకున్నారు, 1930 ఉప్పు సత్యాగ్రహం నాటికి ఆడవాళ్లు వచ్చి దుకాణాల ముందు పికెటింగు చేశారు. ఆ పికెటింగుకు వచ్చినవాళ్లలో చాలామంది ఇళ్లలో తాగేవాళ్లు లేరు. తాగే ఇళ్లనుంచి వచ్చినవాళ్లు తక్కువ. బాగుచేసేవారు ఒకరు, బాగుపడాల్సినవారు ఇంకొకరు. ఈ పొత్తు కుదరకపోవడం వల్ల ఏమైందో 1954లో తెలిసింది.

1937లో రాజాజీ సేలం జిల్లాతో నిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చారు. తెలుగు నేల మీద చట్టం చేతిలో పట్టుకుని మద్యాన్ని ఆపడం అదే మొదలు. ఆబ్కారీ రాబడి పోయిన చోటు పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను పెట్టారు. నిషేధం పోయింది, అమ్మకం పన్ను ఉండిపోయింది. 2017లో జీఎస్టీ వచ్చి ఆ పన్నును చాలా సరుకుల మీదనుంచి తుడిచేసినా, మద్యాన్ని మాత్రం రాష్ట్రాల చేతిలోనే వదిలారు. మద్యం మానిపించడానికి పుట్టిన పన్ను చివరికి మద్యం మీదే మిగలడం ఎంత తమాషా!

వెనక్కి వస్తే, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం. దేవదాసు సినిమా 1953 జూన్‌లో వచ్చింది. అంటే బెజవాడలో, రాజమండ్రిలో జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి, బయట సీసా దొరకని రోజుల్లో, తెర మీద అక్కినేని తాగి తాగి చచ్చిపోతుంటే కన్నీళ్లు పెట్టుకున్నారు. దేవదాసు జమీందారు బిడ్డ. అతని తాగుడు విషాదం. అదే రోజుల్లో తాటితోపులో దొంగచాటుగా కల్లు గీసుకుంటూ పట్టుబడ్డవాడి తాగుడు నేరం. గీసేవాడికి జైలు, కొనేవాడికి జరిమానా, మొగదల పోలీసుకు మామూలు. కులవృత్తి పోయిన గీత కుటుంబాలు వీధిన పడ్డాయి. వాళ్ల తరఫున గౌతు లచ్చన్న గొంతెత్తారు, సత్యాగ్రహాలు జరిగాయి. కొత్త ఆంధ్రరాష్ట్రంలో రామమూర్తి కమిటీ నిషేధాన్ని సడలించమంది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది, ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తుపాకికి ఎదురు రొమ్ము నిలిపాడని పేరున్న నాయకుణ్ణి తాటిచెట్టు కూల్చిందన్నమాట. నన్నడిగితే ఆ ఓటమిలో ఆయన మొండితనం కన్నా, నిషేధమంటే ఎవరి కడుపు కొడుతున్నామో తెలియని పాత సంస్కరణ ధోరణికే ఎక్కువ వాటా ఉంది.

1960ల చివర నిషేధం ఎత్తేశారు. 1968 ఎక్సైజు చట్టంతో రెండు ప్రాంతాలూ ఒకే తాటిమీదికి వచ్చాయి. అక్కడినుంచి సర్కారు వైఖరి పూర్తిగా తిరగబడింది. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజు రాబడి 1991-92కల్లా 800 కోట్లు దాటింది. ఇంత పెరగడానికి జనం దాహం ఒక్కటే చాలదు. సారా అందుబాటు పెంచాలి. వారుణి వాహిని పేరుతో 1980లలో సర్కారు సారా ప్యాకెట్లయింది. కాంట్రాక్టరు మనుషులు సైకిళ్ల మీద పొలం గట్టుకే తెచ్చిచ్చేవారు, కూలిలో కోసుకునేవారు. పొద్దున తెచ్చిన కూలి సాయంత్రం ఇల్లు చేరకుండా ఒక యంత్రాంగం పనిచేసింది. రాష్ట్రం తాగమని చెప్పలేదు, తాగకుండా ఉండటం కష్టమయ్యేలా ఏర్పాటు చేసింది.

దీనికి జవాబు నెల్లూరు జిల్లా దూబగుంటలో దొరికింది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం పెద్దయెత్తున నడిచింది. రాత్రిబడికొచ్చిన ఆడవాళ్లు వాచకంలోని కథలు చదువుతూ తమ ఇళ్ల సంగతులే మాట్లాడుకున్నారు. తాగి చెరువులో పడి చచ్చిపోయిన కుర్రాళ్ల సంగతి ఊళ్లో రగులుతూనే ఉంది. వర్ధినేని రోశమ్మ ముందు నడిచింది, సారా కొట్టు మూయించారు. 1992 నాటికి అది జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. చీపుళ్లు, కారంపొడి పట్టుకుని సారా జీపుల్ని ఆపారు. ప్యాకెట్ల మూటలు నడిబజార్లో తగలబెట్టారు. తాగొచ్చినవాడికి అరగుండు గీయించి గాడిదనెక్కించిన ఊళ్లున్నాయి. సారా పాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. ఈనాడు పత్రిక ఈ వార్తలకు రోజూ ఒక పేజీ కేటాయించింది. ఉత్తర తెలంగాణలో అప్పటికే పీపుల్స్‌వార్ తుపాకి చూపించి సారా ఆపుతోంది. ఆ పద్ధతికీ దీనికీ చాలా దూరం ఉంది.

పికెటింగు నాటి ఆడవాళ్లకూ వీళ్లకూ తేడా ఒకటే. వీళ్లు తాగేవాళ్ల ఇళ్లలోంచి వచ్చారు. ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు, కూలి చేసుకునేవాళ్లు. తాగడం పాపమని వీళ్లెవరూ ఉపన్యాసం చెప్పలేదు. అడిగింది లెక్క. కూలి ఎంతొచ్చింది, సారాకెంత పోయింది, తాగొచ్చి కొడితే ఆస్పత్రికెంతయింది, ఊళ్లో మంచినీళ్లు లేకపోయినా సారా ఎలా వస్తోంది. తాగుడు విషయంలో తెలుగునాట జరిగిన అతి పెద్ద మలుపు ఇది. ధర్మశాస్త్రం నుంచి సంసారం లెక్కల్లోకి వచ్చింది. సారా ఆపాక మిగిలిన రూపాయిని దాచుకోవడంతో పొదుపు సంఘాలు ఇదే నెల్లూరులో ఊపందుకున్నాయి. తర్వాత రాష్ట్రమంతా డ్వాక్రా అని మనం చెప్పుకునే పెద్ద నిర్మాణానికి అక్కడ ఒక పునాది పడింది.

ఏలినవాళ్లు దిగొచ్చారు, కానీ కులం, జేబు చూసుకునే దిగొచ్చారు. 1993 ఏప్రిల్‌లో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించింది. బ్రాందీ, విస్కీ మాత్రం నిక్షేపంగా అమ్ముడుపోయాయి. ఈ రెంటి మధ్య రసాయనిక తేడా వెతికితే నిరాశే. సర్కారు సారా చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే, మన దేశీయ విదేశీ మద్యంలో అధికభాగమూ అదే మొలాసిస్ స్పిరిటుకు రంగూ వాసనా కలిపినదే. ఒకటి ప్యాకెట్టు, ఒకటి సీసా. 1994 డిసెంబరులో లాల్‌బహదూర్ స్టేడియంలో ఎన్టీఆర్ తొలి సంతకం సంపూర్ణ నిషేధం మీద పెట్టి ఆ తేడా తీసేశారు, 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకొచ్చింది. రెండేళ్లు గడిచాయో లేదో, 1997లో చంద్రబాబు ప్రభుత్వం సడలించింది. యానాం నుంచి, కర్ణాటక నుంచి సరుకు దిగుతోంది, ఖజానా ఖాళీ, రెండు రూపాయల బియ్యం అప్పటికే మూడున్నర అయింది. సారా నిషేధం మాత్రం అలాగే ఉంది. అంటే 1993 గీత మళ్లీ గీశారు: పేదవాడి పాత సరుకు నేరం, సీసాలో వచ్చేది వ్యాపారం. పేదవాడు సీసాకు మారక ఏం చేస్తాడు? చీప్ లిక్కరు క్వార్టరు పుట్టింది, ఊరూరా బెల్టుషాపు పుట్టింది. అక్కడా అందనివాడికి నల్లబెల్లం గుడుంబా, నాటుసారా ఉండనే ఉన్నాయి.

ఈ 1997 తర్వాతి పాతికేళ్లలోనే మధ్యతరగతి మారింది. అంతకుముందు గుమాస్తా, బడిపంతులు తాగకపోలేదు. పర్మిట్ రూములో చివరి బల్ల, పేపర్లో చుట్టిన సీసా, నోట్లో వక్కపొడి, అన్నీ ఉండేవి. దాచడంలో ఒక ఒప్పుకోలు ఉండేది. ఐటీ ఉద్యోగాలు, అమెరికా రాకపోకలు, అపార్టుమెంట్లు వచ్చాక ఆ దాపరికం అక్కర్లేకపోయింది. శుక్రవారం సాయంత్రం టెర్రస్ మీద సిట్టింగు, ప్రమోషనుకు పార్టీ, పెళ్లి ముందురోజు కాక్‌టైలు రాత్రి. ఆడపిల్ల తండ్రి పెళ్లికొడుకు గురించి వాకబు చేసేటప్పుడు పూర్వం తాగుతాడా అనేవాడు, ఇప్పుడు బాగా తాగుతాడా అంటున్నాడు. ఒక్క క్రియావిశేషణంలో ముప్పై ఏళ్లు ఇమిడిపోయాయి. అయినా అదే టెర్రస్ మీద అదే గ్లాసు ఆ ఇంటి కోడలు పట్టుకుంటే సిట్టింగు సద్దుమణుగుతుంది. చదువుకున్న ఆడవాళ్లు కొందరు ఇప్పుడు ఆ ప్రశ్నే అడుగుతున్నారు. మాకూ కావాలని అడిగేవాళ్లు కొందరే. మీకెందుకు తప్పు కాదో చెప్పమని నిలదీసేవాళ్లు ఎక్కువ. వాళ్లకు సరైన జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదు.

సినిమా ఈ మార్పును మోసింది, కొంత పురమాయించింది కూడా. 2017లో అర్జున్‌రెడ్డి తాగుడు దేవదాసు వంశమే, ఈసారి డాక్టరు. పేదవాడు తాగితే చాలాకాలం హాస్యం. ఆ హాస్యం కూడా తెలంగాణ యాసలో ఉండటం ఆనవాయితీ. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో దీన్ని అవమానంగానే తీసుకున్నారు, కల్లు మా సంస్కృతి అని బోర విరుచుకున్నారు. 2004లో మూతపడిన హైదరాబాదు కల్లు కాంపౌండ్లు 2014లో రాష్ట్రం రాగానే తెరుచుకున్నాయి. 2023 మార్చిలో నెల మొదట్లో బలగం, నెలాఖరున దసరా సినిమాలు వచ్చాయి. రెంట్లోనూ తాగుడు పల్లె బతుకులో భాగంగా, నవ్వించడానికో ఏడిపించడానికో కాకుండా ఉన్నదున్నట్టు కనిపించింది. అదే ఏడు మే నెలలో హుస్సేన్‌సాగర్ గట్టున ఏసీ నీరా కేఫు తెరిచారు. తాడిచెట్టుకు మర్యాద దొరికింది, పులియకముందు మాత్రమే.

ఆత్మగౌరవం సరే, సీసాలో ఉన్నదేమిటని కూడా చూడాలి. తాడి, ఈత చెట్లు తరిగిపోయాయి, తాగేవాళ్లు తరగలేదు. ఆ లోటును క్లోరల్ హైడ్రేటు, డైజెపామ్, ఆల్ప్రజోలామ్ పూడ్చాయి. నిషా ఎక్కడానికి మత్తుమందు కలిపిన నీళ్లు కల్లుగా అమ్ముడుపోయాయి. 2015 సెప్టెంబరులో అధికారులు గట్టిగా దాడులు చేసి ఆ కల్లు ఆపగానే నిజామాబాదు, మహబూబ్‌నగర్ ఆస్పత్రులకు జనం వరసకట్టారు. వణుకు, ఫిట్సు, మెడ వంకర తిరగడం, తమలో తాము మాట్లాడుకోవడం. అందులో పెద్దవయసు ఆడవాళ్లు చాలామంది. సర్వేలో పల్లె ఆడవాళ్ల 9 శాతం అన్నామే, వాళ్లే. వాళ్లు తాగుతున్నది కల్లు కాదని వాళ్లకు తెలియదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి మనుషులు చనిపోయినప్పుడు ఇదే ఆల్ప్రజోలామ్ మళ్లీ బయటపడింది.

కొత్త మాట అన్నాను కదా, అది వైద్యుల నోటినుంచి వచ్చింది. ఇరవై ఏళ్ల కింద గుండెకు మంచిదని డాక్టర్లే అన్నారని చెప్పి రోజుకో పెగ్గు పుచ్చుకునే విశ్రాంత ఉద్యోగులు ప్రతి కాలనీలో ఉండేవారు. అసలు తాగనివాళ్ల కన్నా కొద్దిగా తాగేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారని అప్పటి అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. తర్వాత తేలిందేమంటే, తాగనివాళ్ల జాబితాలో జబ్బుచేసి మానేసినవాళ్లను కూడా కలిపేశారు. జబ్బుమనిషితో పోలిస్తే ఎవరైనా ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఆ లెక్క సరిచేస్తే లాభం దాదాపు కరిగిపోయింది. ఆల్కహాలు క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఎంత తక్కువైనా హానిలేని మోతాదు అంటూ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అమెరికాలో 2025 గాలప్ సర్వేలో తాగేవాళ్లు 54 శాతానికి దిగారు, ఎనభై ఏళ్లకు పైగా సాగుతున్న ఆ లెక్కల్లో ఇదే కనిష్ఠం. మితంగా తాగినా చెడ్డదేనన్నవాళ్లు మొదటిసారి సగం దాటారు. అక్కడి మన పిల్లల్లో ఈ గాలి తగిలినవాళ్లు సెలవులకొచ్చి మేనమామ పోసిన పెగ్గు వద్దంటే, మేనమామ నొచ్చుకుంటున్నాడు. ఈ తరం వద్దనడంలో భక్తి లేదు, గాంధీ లేడు, చేతి గడియారం చూపించే నిద్ర లెక్క ఉంది.

ఈ వైద్యజ్ఞానం మనదగ్గర మోతాదు లెక్కదాకా ఇంకా రాలేదు. బీరు తాగితే తాగినట్టు కాదన్నది ఇప్పటికీ గట్టి నమ్మకం. విస్కీ, బ్రాందీ 42.8 శాతం. స్ట్రాంగు బీరు ఎనిమిది శాతం దాకా ఉంటుంది, సీసా 650 మిల్లీలీటర్లు. గుణిస్తే ఒక్క స్ట్రాంగు బీరు సీసా రెండు లార్జి పెగ్గులకు సమానం. వేసవిలో చలవకని రెండు సీసాలు లాగించినవాడు క్వార్టరు దాటి తాగాడు. అయినా బండి తాళాలు తీస్తాడు. 2011 ప్రాంతం నుంచి హైదరాబాదు పోలీసులు ఊదించడం మొదలుపెట్టి, పట్టుబడ్డవాణ్ణి ఇంట్లోవాళ్లతో సహా గోషామహల్‌లో కూర్చోబెట్టి కౌన్సెలింగు ఇచ్చాక కొంత జంకు పుట్టింది. ఆ జంకులో ఎక్కువ భాగం పెళ్లాం పిల్లల ముందు పోయే పరువుది. పరువును చట్టం ఇంత తెలివిగా వాడుకున్న సందర్భం ఇంకొకటి చూడలేదు.

మానడానికి మనకు స్వదేశీ దారి ఒకటుంది, అయ్యప్ప మాల. మెడలో మాల పడిందంటే నలభై ఒక్క రోజులు ఎవరూ బలవంతం చేయరు. స్నేహితుడు సీసా మూత తీయబోతూ, స్వామి మాలలో ఉన్నాడురా అని పక్కకు జరుపుతాడు. మామూలు రోజుల్లో నాకొద్దు అన్నవాణ్ణి ఆటపట్టించే బృందమే అప్పుడు స్వామీ అని పలకరిస్తుంది. తాగనంటే చాలదు, చెప్పుకోదగ్గ కారణం చూపాలన్నది మన మగవాళ్ల లోకం పెట్టిన షరతు. మాల ఆ కారణం ఇస్తుంది. ఆ ఆరువారాలు ఇంట్లో ఎంత ప్రశాంతంగా గడిచాయో భార్యలు చెబుతారు. శబరిమల నుంచి దిగి మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు, అటునుంచి అటే మానేసినవాళ్లూ లేకపోలేదు. ఒక జాగ్రత్త మాత్రం ఎవరూ చెప్పరు. రోజూ పొద్దున్నుంచి తాగే అలవాటున్నవాడు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్సు, లేనివి కనిపించడం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 2020 మార్చి నెలాఖరులో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వందలమంది అలాగే వచ్చారు. తాగుడు దుర్గుణం అనుకున్న చాలా కుటుంబాలకు అది జబ్బు కూడానని అప్పుడే తెలిసింది. తెరిచాక ఆంధ్రప్రదేశ్‌లో ధరలు రెండు రోజుల్లో 75 శాతం పెంచి, తాగుడు మాన్పించడానికేనన్నారు. ఆ జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా పోయారు. ధర పెంచితే కొత్తగా మొదలుపెట్టేవాడు తగ్గుతాడు, నిజమే. ముదిరినవాడు తగ్గడు, ఇంకా చవకైన విషం వెతుక్కుంటాడు.

ఇక సర్కారు. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు 1,31,954 దరఖాస్తులొచ్చాయి. దరఖాస్తుకు రెండు లక్షలు, లాటరీ తగలకపోతే తిరిగిరావు. ఒక్క సీసా అమ్మకముందే 2,639 కోట్లు. 2024లో ఆంధ్రప్రదేశ్ సర్కారీ దుకాణాలు ఎత్తేసి 3,396 దుకాణాలకు లాటరీ తీస్తే అక్కడా దాదాపు తొంభై వేల దరఖాస్తులు, 1,800 కోట్ల దాకా రాబడి. చవక క్వార్టరు ఎన్నికల హామీ అయింది. ముప్పై ఏళ్ల కింద నిషేధం మీద ఓట్లడిగిన నేలలో ఇప్పుడు నాణ్యమైన మందు చవగ్గా ఇస్తామని అడుగుతున్నారు, ఎవరూ తప్పుపట్టలేదు. తెలంగాణ దుకాణాల్లో 2021 నుంచి గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయింపు ఉంది. ప్రకాశంగారి ప్రభుత్వాన్ని కూల్చిన గీతవాళ్ల గోడుకు, తాటిచెట్టు దిగి వైన్‌షాపు గల్లాపెట్టె దగ్గర కూర్చోమన్నది దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత దొరికిన జవాబు.

దూబగుంట వారసురాళ్లు ఏం చేస్తున్నారు? ఊళ్లలో బెల్టుషాపు ఎత్తేయాలని గ్రామసభల్లో తీర్మానాలు చేస్తున్నారు, అమ్మితే జరిమానా అని చాటింపు వేయిస్తున్నారు, కొన్నిచోట్ల నెగ్గుతున్నారు. ఎక్కువమంది మాత్రం ఒంటరిగా పోరాడుతున్నారు. తాగుడు మాన్పించే మందు ఇవ్వమని మందుల షాపుకో ఆర్‌ఎంపీ దగ్గరికో వెళ్తారు, దొరికిన బిళ్ల నూరి భర్తకు తెలియకుండా పులుసులోనో మజ్జిగలోనో కలుపుతారు. డైసల్ఫిరామ్ అలా ఇచ్చే మందు కాదు. అది ఒంట్లో ఉండగా తెలియక తాగినవాడికి మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. మనిషి ఒప్పుకుని, డాక్టరు ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాల్సిన వైద్యం అది. జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రిస్టు ఉన్న రోజు కనుక్కుని, ఒకరోజు కూలి వదులుకుని, రానని మొండికేసే మొగుణ్ణి బస్సెక్కించి తీసుకెళ్లడం కన్నా బిళ్ల నూరడం ఆమెకు సులువు. దుకాణం ఊళ్లోనే ఉంది, వైద్యం జిల్లా కేంద్రంలో ఉంది.